కోపల్లె హనుమంతరావు

కోపల్లె హనుమంతరావు (మరణం: 1922) ఆంధ్రదేశంలో జాతీయ విద్యకై జీవితాన్ని ధారపోసిన విద్యావేత్త, జాతీయవాది. మచిలీపట్నం (బందరు)లో 1910లో ప్రారంభమైన ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపకులలో అగ్రగణ్యుడు. ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఈ కార్యంలో ఆయనకు తోడునిలిచిన మిత్రులు. పుస్తకపాఠంతోపాటు చేతిపని, వృత్తివిద్య, లలితకళలు విద్యలో అంతర్భాగంగా ఉండాలని, విద్యాలయం ప్రభుత్వంపై ఆధారపడరాదని ఆయన విశ్వసించాడు. గాంధీజీ నాయీ తాలీమ్‌కు పావుశతాబ్దం ముందే చేతితో నేర్చుకొనే చదువును ఆంధ్రదేశంలో ఒక సంస్థగా నిలబెట్టిన వ్యక్తిగా హనుమంతరావు స్మరణీయుడు.

నాటి బందరు

హనుమంతరావు జీవితం, ఆయన స్థాపించిన విద్యాలయం స్వరూపం అర్థం కావాలంటే ఆనాటి బందరు స్థితి తెలియాలి. కృష్ణానది సముద్రంలో కలిసేచోటికి సమీపాన ఉన్న ఈ పట్టణం ఒకప్పుడు తూర్పుతీరంలోని ప్రసిద్ధ రేవు. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే డచ్చివారు, ఆ తరువాత 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరాలను నెలకొల్పారు. వారిని ఇక్కడికి రప్పించినది ముఖ్యంగా అద్దకపు బట్ట. కృష్ణా డెల్టాలో దొరికే చిరివేరుతో ఎరుపు రంగు, కరక్కాయ, పటిక వంటివాటితో రంగు నిలిచే పద్ధతి, టేకు కొయ్యపై చెక్కిన అచ్చులు, కలంతో వేసే గీతలు ఇక్కడి పనివారి సొత్తు. బందరు, పెడన ప్రాంతాల కలంకారీ పరిశ్రమకు మూలం ఇదే.

కాలక్రమంలో రేవు ప్రాభవం తగ్గింది. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన తుఫానులో సముద్రం పొంగి పట్టణాన్ని ముంచివేసింది. సుమారు 30,000 మంది మరణించారని అంచనా. మరొకవైపు ఇంగ్లండు మిల్లుల బట్ట దిగుమతి కావడంతో డెల్టా గ్రామాలలోని సాలెవారు, అద్దకంవారు జీవనోపాధి కోల్పోసాగారు. తరతరాలుగా తండ్రినుండి కొడుక్కు సంక్రమించిన విద్య ఒక తరంలోనే మరుగున పడే పరిస్థితి ఏర్పడింది.

ఇదే కాలంలో బందరు ఆంగ్లవిద్యకు కేంద్రమయింది. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల క్రమంగా నోబుల్ కళాశాలగా పెరిగింది. దివిసీమ, గుడివాడ ప్రాంతాల గ్రామాలనుండి కూడా పిల్లలు చదువులకోసం బందరు చేరేవారు. ఈ చదువుల వలన న్యాయవాదులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు తయారయ్యారు. కొత్త భావాలు కూడా ప్రవేశించాయి. కాని పాఠశాలలో కూర్చున్న విద్యార్థికీ, ఆ వీధి చివరనే మగ్గంమీద కూర్చున్న నేతగానికీ మధ్య ఏ సంబంధమూ లేకుండా పోయింది. చదువుకున్నవాడు చేతిపనిని చిన్నచూపు చూడటం, చేతిపని చేసేవాడు చదువుకు దూరం కావడం సామాన్యమయింది. ఈ అగాధాన్ని పూడ్చడమే తరువాతి కాలంలో హనుమంతరావు చేపట్టిన కృషికి సారాంశం.

విద్యాభ్యాసం, వృత్తి

హనుమంతరావు బందరు పట్టణానికి చెందినవాడు. ఎం.ఏ., బి.ఎల్. పట్టాలు పొందిన విద్యావంతుడు. ఆనాటి మద్రాసు రాజధానిలో ఈ రెండు పట్టాలూ ఉన్న యువకునికి న్యాయవాదిగా గాని, ప్రభుత్వోద్యోగిగా గాని మంచి భవిష్యత్తు ఉండేది. కృష్ణా డెల్టాలో కాలువల క్రింద భూముల విలువ పెరగడంతో భూతగాదాలు, దస్తావేజుల వ్యాజ్యాలు విస్తారంగా నడిచేవి. బందరు జిల్లా కేంద్రం కావడం వలన న్యాయస్థానాలు అక్కడే ఉండేవి. అటువంటి ఊరిలో న్యాయవాద వృత్తిని వదలుకోవడం చిన్న త్యాగం కాదు. హనుమంతరావు ఆ మార్గాన్ని కాదని జాతీయ విద్యా వ్రతాన్ని స్వీకరించాడు.

ఈ నిర్ణయానికి ఆయన మిత్రబృందం కూడా దోహదం చేసింది. ముట్నూరి కృష్ణారావు (1879-1945) నోబుల్ కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావంలో పెరిగినవాడు. 1902లో బందరులో ప్రారంభమైన కృష్ణాపత్రికలో చేరి, 1907లో సంపాదకత్వం వహించి, మరణించేవరకు ఆ పత్రికను నడిపాడు. భోగరాజు పట్టాభి సీతారామయ్య (1880-1959) వైద్యవిద్య పూర్తిచేసి బందరులో వైద్యవృత్తి ప్రారంభించాడు. ముగ్గురూ దాదాపు ఒకే వయసువారు. ఒకరిది కలం, ఒకరిది ప్రజాసంబంధాలు, ఆర్థిక వ్యవహారాలలో నేర్పు, ఒకరిది విద్యాలయ నిర్మాణ దీక్ష. ఈ మూడూ కలియడంవల్లనే జాతీయ కళాశాల సంకల్పం కాగితాన్ని దాటి కార్యరూపం ధరించింది.

వందేమాతరం ఉద్యమం

1904లో లార్డ్ కర్జన్ ప్రభుత్వం విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చి ఉన్నత విద్యపై అధికారుల పట్టును బిగించింది. 1905లో బెంగాలు విభజన జరిగింది. విదేశీ వస్తు బహిష్కారం, స్వదేశీ, జాతీయ విద్య, స్వరాజ్యం అనే నాలుగు అంశాలు ఉద్యమ కార్యక్రమంగా రూపుదిద్దుకున్నాయి. ఉద్యమంలో పాల్గొన్న విద్యార్థులను విద్యాలయాలనుండి బహిష్కరించడంతో వారికి వేరే విద్యాలయాలు అవసరమయ్యాయి. 1906లో కలకత్తాలో జాతీయ విద్యామండలి ఏర్పడింది. దాని ఆధ్వర్యంలో వెలసిన బెంగాల్ జాతీయ కళాశాలకు అరవింద ఘోష్ అధిపతిగా పనిచేశాడు. సాంకేతిక విద్యకై అదే ఏడాది ఏర్పడిన బెంగాల్ సాంకేతిక విద్యాలయం ఈ ఉద్యమపు మరొక శాఖ. 1955లో ఏర్పడిన జాదవపూర్ విశ్వవిద్యాలయానికి మూలం ఈ సంస్థలే.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర జిల్లాలలో పర్యటించాడు. ఈ పర్యటనలో ముట్నూరి కృష్ణారావు ప్రముఖ పాత్ర వహించాడు. విశాఖపట్నం, విజయనగరం, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, బందరు పట్టణాలలో పాల్ ఉపన్యసించాడు. రాజమండ్రిలో వందేమాతరం బిళ్ళలు ధరించిన విద్యార్థులపై కళాశాల అధికారులు చర్య తీసుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాలనుండి బహిష్కృతుడైనది ఈ సందర్భంలోనే. ప్రభుత్వ విద్యాలయంలో దేశభక్తికి స్థానం లేదని ఈ సంఘటన ప్రజలకు స్పష్టం చేసింది.

పాల్ పర్యటన ఫలితంగా ఆంధ్రలో జాతీయ విద్యాలయాలు నెలకొల్పాలన్న ఆలోచన బలపడింది. రాజమండ్రిలో ఒక జాతీయ పాఠశాల వెలిసింది. బందరువారు మరింత పెద్ద సంకల్పం చేసి జాతీయ కళాశాల స్థాపనకు పూనుకున్నారు. అయితే సభలలో కలిగే ఉత్సాహం వేరు, సంవత్సరాలతరబడి సంస్థకు నిధులు సమకూర్చడం వేరు. 1908నాటికి ప్రభుత్వం పత్రికలపైన, ఉపన్యాసకులపైన కఠిన చర్యలకు దిగింది. హరిసర్వోత్తమరావు తన స్వరాజ్య పత్రికలోని రచనకుగాను జైలుపాలయ్యాడు. బెంగాలులోనూ ఉద్యమం వెనుకపట్టు పట్టింది. ఇటువంటి సమయంలో బందరు మిత్రులు వెనుకంజ వేయకుండా విరాళాల సేకరణ కొనసాగించారు.

ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపన

1907నుండి సాగిన ప్రయత్నాలు 1910లో ఫలించాయి. ఆ సంవత్సరం బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమయింది. సంస్థ పేరులోని మొదటి రెండు మాటలూ గమనింపదగినవి. ప్రత్యేకాంధ్ర రాష్ట్రోద్యమం ఇంకా మహాసభల రూపం దాల్చక మునుపే, తెలుగువారందరికీ చెందిన జాతీయ విద్యాలయంగా దీనిని స్థాపకులు భావించారు. బందరు సాంస్కృతిక జీవితంలో 1910 విశిష్టమైన సంవత్సరం. అయ్యంకి వెంకటరమణయ్య సంపాదకత్వంలో ఆంధ్రభారతి మాసపత్రిక వెలువడిందీ, గురజాడ అప్పారావు కథ దిద్దుబాటు అందులో అచ్చయిందీ ఆ ఏడాదే.

ప్రభుత్వ సహాయధనం స్వీకరించరాదన్నది కళాశాల స్థాపకుల ప్రాథమిక నియమం. సహాయధనం స్వీకరిస్తే పాఠ్యప్రణాళిక, పాఠ్యపుస్తకాలు, పరీక్షలు అన్నీ ప్రభుత్వ విద్యాశాఖ నిర్ణయించినట్లే ఉండవలసి వచ్చేది. అందుచేత ప్రజల చందాలే ఆధారమయ్యాయి. కృష్ణాపత్రిక కళాశాల ఆశయాలను ప్రచారం చేసింది. హనుమంతరావు సంస్థకు సారథ్యం వహించి, ఒకప్రక్క బోధన, నిర్వహణ, మరొకప్రక్క నిధుల సేకరణ నిర్వహించాడు. తరువాతి పన్నెండేళ్ళూ ఆయన జీవితానికీ కళాశాల చరిత్రకూ వేరు లేదు.

విద్యావిధానం

హనుమంతరావు దృష్టిలో జాతీయ విద్య అంటే ప్రభుత్వ పాఠాలకు బదులుగా దేశభక్తి పాఠాలు చెప్పడం మాత్రమే కాదు. మనిషి బుద్ధి, చేయి, హృదయం మూడూ వికసించాలన్నది దాని ఉద్దేశం. అందుచేత భాష, సాహిత్యం, చరిత్ర, శాస్త్రాలతోపాటు నేత, వడ్రంగం, యంత్రవిద్య, చిత్రలేఖనం వంటివి కళాశాలలో నేర్పే ఏర్పాటు జరిగింది. వ్యవసాయానికి సంబంధించిన విద్యకు కూడా స్థానం లభించింది. అద్దకం, నేతల వంటి స్థానిక వృత్తుల పునరుద్ధరణ స్థాపకుల ఆశయాలలో ఒకటి. పేరుకు కళాశాల అయినా పాఠశాల వయసు విద్యార్థులు కూడా ఇందులో చదివేవారు.

చేతిపనిని చదువులో భాగంగా పెట్టడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది ఆర్థికమైనది. పట్టా చేతబట్టుకుని ఉద్యోగంకోసం అధికారుల గుమ్మం ఎక్కవలసిన అవసరం లేకుండా, సొంత కాళ్ళమీద నిలబడగల యువకులను తయారుచేయడం స్వదేశీ ఉద్యమానికి అవసరం. రెండవది విద్యాసంబంధమైనది. వస్తువును స్పృశించి, కొలిచి, తయారుచేసి నేర్చుకున్న విషయం కంఠస్థం చేసిన విషయం కంటే గట్టిగా నిలుస్తుంది.

మగ్గాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. పడుగు పోగులు లెక్కించి సరిచేయడానికి గుణకారం, భాగహారం కావాలి. బట్ట వెడల్పునుబట్టి, నూలు సన్నదనాన్నిబట్టి పోగుల సంఖ్య మారుతుంది. ఆ నిష్పత్తి తెలియనిదే మగ్గం ఎక్కించడం సాధ్యం కాదు. పేక దారంతో పూవులు, గళ్ళు వేయాలంటే ముందుగా లెక్కకట్టి నమూనా తయారుచేసుకోవాలి. వడ్రంగంలో మూలమట్టం, కొలబద్ద ఉపయోగించేవానికి కోణాలు, సమాంతర రేఖలు పుస్తకంలోని బొమ్మలుగా కాక చేతిలోని వస్తువులుగా అనుభవానికి వస్తాయి. అద్దకంలో పటిక, కరక్కాయ, ఇనుప నీరు రంగులపై చూపే ప్రభావం రసాయనశాస్త్రానికి ప్రవేశద్వారం. చిత్రలేఖనం కంటికి, చేతికి పొందిక నేర్పుతుంది. పొరపాటు జరిగితే ఉపాధ్యాయుడు చెప్పకముందే వస్తువే చెబుతుంది. వంకర కోత కోసిన పలక అతకదు. పోగు తప్పిన బట్టలో ఆ తప్పు చివరివరకు కనిపిస్తుంది.

ఈ ఆలోచన అప్పట్లో ప్రపంచంలోని వివిధ దేశాలలో వేరువేరు రూపాలలో వ్యక్తమవుతూ ఉండేది. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో ప్రారంభించిన శిశు విద్యాలయంలో కొయ్య దిమ్మలు, బంతులు, తోటపని, పాటలు బోధనా సాధనాలు. అమెరికాలో జాన్ డ్యూయీ 1896లో షికాగోలో నెలకొల్పిన ప్రయోగ పాఠశాలలో పిల్లలు వంట, నేత, వడ్రంగం ద్వారా పాఠాలు నేర్చుకున్నారు. ఇటలీలో మరియా మాంటిస్సోరి రోము నగరంలోని ఒక పేదల వాడలో శిశుగృహం తెరచింది 1907 జనవరిలో. బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చినది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. మన దేశంలో రవీంద్రనాథ్ ఠాకూర్ 1901లో శాంతినికేతన పాఠశాల ప్రారంభించాడు. ఐరోపా, అమెరికాలలో ఈ ప్రయత్నం ప్రధానంగా బాలల మనస్తత్వ పరిశీలననుండి పుట్టింది. బందరులో అది ప్రధానంగా పరాధీనతకు, కులవృత్తుల పతనానికి సమాధానంగా పుట్టింది. మార్గాలు వేరైనా, చేతిపని బుద్ధికి శత్రువు కాదు, సోపానం అన్న నిర్ణయంలో రెండూ కలిశాయి.

సామాజికంగా కూడా ఇది చిన్న విషయం కాదు. ఆనాడు నేత, వడ్రంగం, కమ్మరం ఆయా కులాలకు పరిమితమైన వృత్తులు. ఇతర కులాల విద్యావంతుల పిల్లలు మగ్గంమీద కూర్చోవడం, ఉలి పట్టుకోవడం వింతగా తోచే రోజులు అవి. ఆ పనులను కళాశాల స్థాయి విద్యగా గౌరవించడమే ఒక సంస్కరణ.

అధ్యాపకులు

కళాశాల ఆకర్షణకు అక్కడ పనిచేసిన అధ్యాపకులు ఒక కారణం. తక్కువ వేతనానికి, ఒక్కొక్కప్పుడు కేవలం ఆశయంకోసం పనిచేసే సమర్థులను సమకూర్చుకోవడంలో కళాశాల కృతకృత్యమయింది.

పింగళి వెంకయ్య ఈ కళాశాలలో పనిచేసిన ప్రముఖులలో ఒకడు. దివి తాలూకాలోని భట్లపెనుమర్రులో జన్మించిన వెంకయ్య భూగర్భశాస్త్రం, వ్యవసాయం, భాషలు మొదలైన అనేక విషయాలలో పరిశ్రమ చేసినవాడు. ప్రత్తి రకాలపై పరిశోధనకుగాను ప్రత్తి వెంకయ్యగా పేరుపొందాడు. జాతీయ పతాకం ఎలా ఉండాలన్న విషయంపై 1916లో ఆయన ఒక పుస్తకం ప్రచురించాడు. 1921లో విజయవాడ అఖిల భారత కాంగ్రెసు సమావేశాల సందర్భంలో వెంకయ్య గాంధీజీకి పతాక నమూనాను సమర్పించాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో పతాకం గురించి వ్రాస్తూ వెంకయ్యను బందరు జాతీయ కళాశాలకు చెందినవాడుగా పేర్కొన్నాడు.

చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889-1928) కూడా కొంతకాలం ఇక్కడ అధ్యాపకుడు. ఎడింబరోలో ఎం.ఏ. చదివిన గోపాలకృష్ణయ్య, ప్రసిద్ధ కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. ఆ గ్రంథం 1917లో వెలువడింది. పాశ్చాత్య విద్యను పొందికూడా దేశీయ కళలకు అంకితమైన ఇటువంటి వ్యక్తులు విద్యార్థులకు పుస్తకం నేర్పలేని పాఠం నేర్పారు. కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ కూడా యౌవనంలో ఈ కళాశాలలో అధ్యాపకునిగా పనిచేశాడు.

ఎదుర్కొన్న సమస్యలు

జాతీయ కళాశాల చరిత్ర కేవలం విజయాల చరిత్ర కాదు. దాని స్వతంత్రతే దానికి అవరోధంగా కూడా పరిణమించింది. మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు లేనందున ఇక్కడ చదివినవారికి ప్రభుత్వోద్యోగాలకు పనికివచ్చే పట్టా లభించేది కాదు. పిల్లవాని చదువుమీద కుటుంబమంతటి ఆశలు పెట్టుకున్న తల్లిదండ్రులకు ఇది సామాన్యమైన విషయం కాదు. దేశభక్తితో సభలో చందా ఇచ్చిన వ్యక్తి కూడా తన కుమారుని ప్రభుత్వ గుర్తింపుగల కళాశాలకే పంపవచ్చు. ఉద్యమాలు ఉప్పొంగినప్పుడు జాతీయ విద్యాలయాలు నిండటం, అవి చల్లబడగానే విద్యార్థులు తరిగిపోవడం దేశమంతటా జరిగినదే. వందేమాతరం ఉద్యమకాలంలో వెలసిన పలు జాతీయ పాఠశాలలు ఈ కారణంగా కొద్దికాలానికే మూతపడ్డాయి.

చేతిపనుల విద్యకు అయ్యే ఖర్చు మరొక సమస్య. పుస్తకపాఠానికి ఒక గది, ఒక ఉపాధ్యాయుడు ఉంటే సరిపోతుంది. మగ్గాలు, పనిముట్లు, యంత్రాలు, ముడిసరుకు, పనిలో ఆరితేరిన నిపుణులు కావాలంటే ధనం కావాలి. విద్యార్థులు నేర్చుకుంటూ తయారుచేసిన వస్తువులు బజారులో మిల్లు సరుకుతో ధరలో పోటీపడలేవు. చందాలమీద నడిచే సంస్థకు ఇది నిత్య సంకటం. ఈ పరిస్థితిలో సంస్థను ఒక దశాబ్దానికిపైగా నడపడం హనుమంతరావు కార్యదీక్షకు నిదర్శనం.

సహాయ నిరాకరణోద్యమం, మరణం

1920లో గాంధీజీ నాయకత్వంలో సహాయ నిరాకరణోద్యమం ప్రారంభమయింది. ప్రభుత్వ పాఠశాలల, కళాశాలల బహిష్కారం అందులో ముఖ్యాంశం. పదేళ్ళుగా బందరులో నడుస్తున్న ప్రయోగానికి దీనితో దేశవ్యాప్తమైన ప్రాధాన్యం లభించింది. చదువులు వదలివచ్చిన విద్యార్థులకు ఆశ్రయం ఇవ్వగల సంస్థ ఆంధ్రలో అప్పటికే ఒకటి ఉంది. విదేశీ బట్టల బహిష్కారం, రాట్నం, ఖద్దరు ప్రచారం జోరందుకోవడంతో కళాశాలలోని నేతపనికి కొత్త అర్థం కలిగింది. 1921 ఏప్రిల్‌లో, విజయవాడ సమావేశాలు ముగిసిన పిమ్మట, గాంధీజీ బందరు వచ్చాడు.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన అనంతరం గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేశాడు. ఉద్యమపు ఆటుపోట్లకు జాతీయ విద్యాలయాలు మరల గురికావలసిన ఆ సంవత్సరంలోనే హనుమంతరావు మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు నలభైమూడు సంవత్సరాలకు మించలేదు. మిత్రులిద్దరూ ఆయన తరువాత రెండు దశాబ్దాలకు పైగా జీవించారు. పట్టాభి సీతారామయ్య 1923లో బందరులోనే ఆంధ్రా బ్యాంకును స్థాపించి, 1948లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు. ముట్నూరి కృష్ణారావు సంపాదకునిగా తెలుగునాట చిరకీర్తి పొందాడు. హనుమంతరావు పేరు మాత్రం ఆయన నిర్మించిన సంస్థతోనే ముడిపడి ఉండిపోయింది.

అనంతర చరిత్ర

హనుమంతరావు మరణానంతరం కూడా కళాశాల కొనసాగింది. బెంగాలు చిత్రకళా సంప్రదాయానికి చెందిన ప్రమోద్ కుమార్ చటర్జీ 1920 దశకంలో ఇక్కడ చిత్రకళ బోధించాడు. అడివి బాపిరాజు, గుర్రం మల్లయ్య ఆయన శిష్యులలో ముఖ్యులు. ఆధునికాంధ్ర చిత్రకళ చరిత్రలో రాజమండ్రి తరువాత బందరుకు స్థానం దక్కడానికి ఈ గురుశిష్య పరంపర కారణం. కవి, నవలాకారుడు, చిత్రకారుడు అయిన బాపిరాజు 1930 దశకంలో ఇదే కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా పనిచేశాడు. విద్యలో కళకు స్థానం ఉండాలన్న హనుమంతరావు ఆశయం ఈ విధంగా ఫలించింది. స్వాతంత్ర్యానంతరం కళాశాల క్రమంగా ఇతర కళాశాలలవలెనే పట్టాలకు చదివించే సంస్థగా మారింది.

చేతిపని ద్వారా విద్య అన్న భావన తరువాత మరింత విస్తరించింది. గుజరాతులోని భావనగరులో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం నెలకొల్పి ఆటపాటల చదువును ప్రచారం చేశాడు. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసదస్సు, జాకిర్ హుస్సేన్ సంఘం నివేదిక నాయీ తాలీమ్‌కు రూపం కల్పించాయి. ఏడేళ్ళ ప్రాథమిక విద్య మాతృభాషలో, ఒక ఉత్పాదక వృత్తి కేంద్రంగా సాగాలని ఆ పథకం నిర్దేశించింది. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడంతో దక్షిణదేశంలో శిశువిద్యకు కొత్త దారి ఏర్పడింది. 2020 జాతీయ విద్యావిధానం 6నుండి 8వ తరగతి వరకు విద్యార్థులు పుస్తకాల సంచి లేకుండా పది రోజులపాటు స్థానిక వృత్తిపనివారివద్ద నేర్చుకోవాలని సూచించింది. 3నుండి 8 సంవత్సరాల వయసు పిల్లలకోసం 2022లో వెలువడిన పాఠ్యప్రణాళికా చట్రం ఆటవస్తువులు, చేతిపనులు, కథలు, పాటల ద్వారా బోధనను ప్రధానంగా పేర్కొన్నది. వడ్రంగి, కుమ్మరి, తోటమాలివంటివారు పిల్లలకు గురువులు కావచ్చునన్న ఈ సూచన, బందరులో 1910లో ఆచరణలో పెట్టిన ఆలోచనకు దగ్గర బంధువు.

ప్రాముఖ్యం

హనుమంతరావు కృషిని విద్యార్థుల సంఖ్యతోనో, కళాశాల ఆదాయంతోనో కొలిస్తే అది పరిమితంగా కనిపించవచ్చు. పట్టా లేని చదువును సమాజం ఎంతవరకు ఆదరిస్తుంది, చేతిపనికి బడిలో ఇచ్చిన గౌరవం బజారులో ఎంతవరకు నిలుస్తుంది అన్న ప్రశ్నలకు ఆయన కాలంలో పూర్తి సమాధానం దొరకలేదు. పరీక్షలే గమ్యంగా ఉన్న విద్యావ్యవస్థలో ఆ ప్రశ్నలు నేటికీ సజీవంగానే ఉన్నాయి. అయితే వృత్తి నేర్చినవాడు విద్యావంతుడు కాడన్న భావాన్ని, విద్యావంతునికి వృత్తి అవసరం లేదన్న భావాన్ని ఒకేసారి ఎదిరించిన తొలి ఆంధ్ర విద్యావేత్తలలో ఆయన ఒకడు. ప్రభుత్వ ధనం తీసుకోకుండా ప్రజల చందాలతో ఒక విద్యాలయాన్ని నిలబెట్టవచ్చునని నిరూపించాడు. జాతీయ పతాక చరిత్రలోను, ఆంధ్ర చిత్రకళ చరిత్రలోను బందరు జాతీయ కళాశాల పేరు చేరడానికి ఆయన వేసిన పునాదే కారణం.